గీత కనపడని నీళ్ళు

చిన్న విమానాలు నడిపే ఒక ప్రైవేటు క్లబ్బులో నా పని విమానాలు కడగడం, పెట్రోలు పట్టడం. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించుకున్నదే. గాలిలో ఇంజను ఆగిపోతే వెనక్కి తిరగాలని చూడకూడదని, ముక్కు దించి, వేగం నిలబెట్టుకుని, ఎదురుగా ఉన్న చోటే దిగాలని అక్కడే చదివాను.

క్లబ్బు మెకానిక్కూ నేనూ ఎనిమిదేళ్ళు ఒకే క్యారేజీలో తిన్నాం. సగం ఖాళీ ట్యాంకుల్లో మన సముద్రపు గాలికి రాత్రికి రాత్రే నీళ్ళు చేరతాయి. అందుకని పొద్దున్నే మెకానిక్కు రెక్క కింద నుంచి కాస్త పెట్రోలు గ్లాసులోకి తీసి చూస్తాడు. నీళ్ళుంటే అడుగున విడిగా నిలిచి గీత కనిపిస్తుంది. గ్లాసు నిండా నీళ్ళే వస్తే మాత్రం గీతే ఉండదు. ఆ సంగతి అతనికి చెప్పింది నేనే. విమానం పెట్రోలు లేత నీలం, రంగు చూడు, వాసన చూడు అని.

ఆ రోజు నేను రెండో విమానం కడుగుతున్నాను. అతను దూరం నుంచే గ్లాసు ఎత్తి చూపించాడు.

“గీతేటి నేదు బావా!”

“వాసన సూసేవా?”

“ఇదేటి సేపల పులుసా, వాసన సూడ్డానికి? నీ లైబ్రరీ పక్కనెట్టి ఆ రెక్క తోము.”

నేనూ నవ్వేశాను.

అతను చూసిన విమానం యారాడ తీరం మీదకు వెళ్ళేసరికి ఇంజను ఆగిపోయింది. పైలట్ సారు ఇసుక మీద దింపారు. ఆయనకు దెబ్బ తగల్లేదు. మేము కొండ దిగి వెళ్ళేలోపే జాలర్లు పడవను లాగినట్టు తాడు కట్టి, విమానాన్ని అలకు అందకుండా పైకి లాగేశారు.

ట్యాంకులో నీళ్ళు దొరికాయి. ఎవరిదో ఒకరి ఉద్యోగం పోతుందని అందరికీ తెలుసు. మూడో రోజు మేనేజరు మా ఇద్దర్నీ పిలిచి, ఆ పొద్దున గ్లాసులో నీళ్ళు ఎందుకు కనపడలేదని అడిగారు. జవాబు నాకు వచ్చు. ఇన్నేళ్ళ చదువును ఒకరు అడిగి వినడం అదే మొదటిసారి. ఆయన బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు ఎత్తి చూపించి మరీ వివరించాను.

“మరి ఆ రోజు చూసిందెవరు?” అన్నారాయన.

ఆ మాట మెకానిక్కే తన నోటితో చెప్పాలని ఆగాను.

“ఈడే సార్. పుస్తకాలు సదివినోడు కదా, ఈడు బాగుందంటేనే నాను సంతకం ఎట్టేను.”

“ఇంత తెలిసీ ఎలా వదిలేశావయ్యా?” అన్నారు మేనేజరు.

కాదన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. అంత వివరంగా చెప్పినవాడు అసలు ఆ గ్లాసు ముట్టుకోలేదంటే ఎవరు నమ్ముతారు? సాయంత్రానికి నా గేటు పాసు తీసేసుకున్నారు.

రెండు వారాల తరవాత అతను కూర్మన్నపాలెంలో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. తప్పయిందని చెప్పడానికి వచ్చాడనుకున్నాను.

“బావా, మాకు కొత్తగా పరీచ్చ ఎడతన్నారు. ఆ నీల్ల సంగతి ఓపాలి మల్లీ సెప్పవా?”

తలుపు వేసేద్దామనుకున్నాను. కానీ ఆ విమానంలో మళ్ళీ ఎవరో ఒకరు కూర్చుంటారు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చెప్పాను. అర్థమైందో లేదో తిరిగి అతని చేతే చెప్పించుకున్నాను. లోపలికి రమ్మని మాత్రం అనలేదు.