ఎడమకాలాయన వస్తాడన్న ఆదివారం

నా చిన్నప్పుడు పేపరంటే మా మేనమామ గొంతే. సూర్యాపేటలో బస్సులు ఆగే చోట మా నాన్నకు చిన్న చాయ్ హోటల్ ఉండేది. బెజవాడ నుంచి కోదాడ మీదుగా వచ్చే బస్సులో తెలుగు పేపరు దిగేది. మామ ఎదురెళ్లి దాన్ని తీసుకుని, కండక్టరుతో కాసేపు ముచ్చట పెట్టి వచ్చి, హోటల్ ముందు బల్ల మీద కూర్చుని చదివేవాడు. అక్కడ చాయ్ తాగేవాళ్లలో ఎవరికీ చదువు రాదు. మా నాన్నకూ రాదు. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది దాటిందేమో, లోకంలో ఏమవుతోందో తెలుసుకోవాలని అందరికీ ఆత్రంగా ఉండేది.

వార్తలు అయిపోయాక, "ఇగ ఆయన ముచ్చట చెప్పు" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఆయనంటే ఎడమకాలాయన. అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. నేను పుట్టకముందు పట్నం జట్టుతో వచ్చి మా ఊళ్లో ఫుట్‌బాల్ ఆడాడట. బూట్లు లేకుండా, ఉత్త కాళ్లతో నాలుగు గోల్స్ కొట్టాడట, నాలుగూ ఎడమకాలితోనే. మిర్యాలగూడ నుంచి బియ్యం బండి తోలుకొచ్చే తాత ఆ రోజు గోల్ వెనకే నిలబడి చూశాడు. ఆట అయ్యాక, చిరిగిపోయిన ఆ తోలు బంతిని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. నాలుగో గోల్ గురించి తాత చెప్పిన ప్రతిసారీ ఆ బంతి ఇంకాస్త దూరం నుంచి వచ్చేది.

"మొన్న చింతచెట్టు కాడికెల్లి కొట్టిండంటివి, ఇయ్యాల బావి కాడికి పోయినవు. వచ్చే ఏడు కోదాడకెల్లి కొడతడు గావచ్చు" అని నాన్న ఏడిపించేవాడు.

"కొట్టేటోడే! నువ్వు సూసినవా? నీకప్పటికి మీసమన్నా రాలె" అనేవాడు తాత.

మామ మాత్రం, పాత ఆటగాళ్లను తలుచుకుంటూ పేపర్లో రాశారని చెప్పి, కలకత్తాలో ఆయన కొట్టిన గోల్స్, మద్రాసులో కొట్టిన గోల్స్ చదివి వినిపించేవాడు. చదివేటప్పుడు ఆయన చూపు పేపరు మీద నిలిచేది కాదు. పేపరు పైనుంచి మా మొహాలు చూస్తూ చదివేవాడు. చూడకుండానే చదివేంత చదువు మా మామదని నేను మురిసిపోయేదాన్ని.

పక్కింటి అక్క మిషన్ బడిలో పంతులమ్మ. ఒకరోజు వచ్చి, "పిల్ల చురుకుగున్నది. పొద్దున ఒక గంట నా దగ్గరికి పంపుండ్రి, అక్షరాలు దిద్దిస్త" అని నాన్నను అడిగింది. నాన్న మామ వైపు చూశాడు. ఇంట్లో చదువుకున్నది ఆయనొక్కడే కదా.

మామ నవ్వి, "నేనుండంగ నా కోడలికి అక్షరాలెందుకు బావా? దానికేం కావాలన్నా నేను సదివి పెడత" అన్నాడు.

అక్క మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ మామ అదే మాట అన్నాడు. నాకోసం ఒక మనిషి ఉన్నాడని నాకు గర్వంగానే ఉండేది. ఆ తర్వాత అక్కకు కోదాడ పక్కన అనంతగిరికి బదిలీ అయింది. ఆమె వెళ్లే రోజు చెయ్యి ఊపి, తిరిగి వచ్చి మామ పక్కన కూర్చున్నాను.

కొన్నాళ్లకు బస్సులో కొత్త కండక్టరు వచ్చాడు. పేపరు కట్ట కిందికి విసిరేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మామ పేపరు విప్పి ఏదో మొదలుపెట్టాడు. అంతలో తాత లేచి వచ్చి ఒక ఫోటో మీద వేలు పెట్టాడు.

"జర ఆగు. గీయన మన ఎడమకాలాయన గాదు?"

మామ చాలాసేపు చూసి, "ఆయనే" అన్నాడు.

"ఏం రాసిండ్రు?"

గ్లాసులన్నీ కింద పెట్టేశారు. మామ పేపరు పైనుంచి అందరి మొహాలు చూశాడు. "వచ్చే ఆదివారం పట్నం నుంచి బెజవాడ పోతుండట. మన తొవ్వనే" అన్నాడు.

"అయితే మన కాడ బస్సు ఆగుతది!" అంటూ తాత ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ పేపరు అడిగి తీసుకుని, మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు.

ఆదివారం నాన్న బల్లలన్నీ కడిగించాడు. ఆ రోజు చాయ్ ఎవరికీ అమ్మలేదు, చిక్కటి పాలు కాచి ఆయన కోసమే ఉంచాడు. తాత ముందురోజే మిర్యాలగూడలో బండి కట్టి వచ్చాడు. ఆ పాత బంతిలో గడ్డి కుక్కి, పైన ఆముదం రాసి మెరిపించి తెచ్చాడు. ఆయన ఒక్కసారి కాలితో తాకితే చాలన్నాడు. చేమంతుల దండ నా చేతికిచ్చారు. మామ కడుపునొప్పి అని పడుకుంటే నాన్న వెళ్లి లేపుకొచ్చాడు. "సదివినోడివి నువ్వు. ముందర నిలబడాలె" అన్నాడు.

పట్నం బస్సు వచ్చింది. గంపలతో ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒక పోలీసాయన దిగాడు. ఇంకెవరూ దిగలేదు. చివరికి కండక్టరు దిగాడు. ఆయన మా పాత కండక్టరే.

"దండ ఎవరికమ్మా?" అన్నాడు నన్ను చూసి.

తాత తలపాగాలోంచి పేపరు తీసి ఫోటో చూపించాడు. కండక్టరు దాన్ని చూసి, తాతను చూశాడు.

"అయ్యో, ఈయన పోయారు కదండీ తాతగారూ! పోయారనే వేశారు. చుట్టూ నల్లగీత కూడా ఉందిగా." తర్వాత మామ వైపు తిరిగి, "నేను జ్వరమొచ్చి సెలవు పెట్టాను, ఆ రోజు నీకు వార్తలు చెప్పేవాళ్లు లేకపోయారు పాపం" అన్నాడు. ఆయన జాలిపడే అన్నాడు.

బస్సు వెళ్లిపోయింది.

"సదువు రాదని ఒక్కమాట అంటే అయిపోతుండెగదరా" అన్నాడు తాత. "సచ్చిపోయినోనికి నా శేత ఎదురుకోలు పెట్టిస్తివి."

"మీరంత అట్ల సూస్తుంటే నోట్లకెల్లి వచ్చేసింది" అన్నాడు మామ. "రాదంటే నన్ను ఆ బల్ల మీద కూసోనిస్తురా?"

అప్పటిదాకా నాకు ఎడమకాలాయన రాలేదన్న దుఃఖమే ఉంది. బల్ల అన్న మాట వినగానే అక్క గుర్తొచ్చింది.

"మామా, అక్క నేర్పుతనంటే నాకు వద్దన్నది గిందుకేనా?" అని అడిగాను.

నాన్న మామ వైపు తిరిగాడు. మామ నా మొహం చూడలేదు. తాత చేతిలో ఉన్న పేపరు వైపు, మొట్టమొదటిసారి, తల ఎత్తకుండా చూస్తూ ఉండిపోయాడు.

తాత బంతిని బల్ల మీద పెట్టి దానికి దండ వేయించాడు. పేపరు నాకిచ్చేసి బండి కట్టుకుని వెళ్లిపోయాడు. మామ ఆ వారమే ఎక్కడికో పనికి వెళ్లాడు. ఆ తర్వాత మా బల్ల మీద ఎవరూ చదవలేదు. నాన్న అక్క కోసం అనంతగిరికి కబురు పెట్టాడు కానీ, అంత దూరం ఆడపిల్లను పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. రెండేళ్లకు నాకు పెళ్లయింది.

నేను అక్షరాలు దిద్దేనాటికి నాకు మనవరాళ్లున్నారు. కూడబలుక్కుని చదవడం రాగానే పెట్టె అడుగు నుంచి ఆ పేపరు తీశాను. మడతల దగ్గర చిరిగిపోయింది. ఉన్నవి నాలుగే వాక్యాలు. వాటిలో మొదటి మాట ఆయన పేరు, అంతమంది అన్నేళ్లు తలుచుకుని ఒక్కసారి కూడా పలకని పేరు. దాన్ని మామ ముందు కూర్చుని పైకి చదవాలనుకున్నాను. అప్పటికి మామ పోయి చాలా కాలమైంది. ఉంటే కోపంతో చదివేదాన్నో, ఎలా చదివేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా వాడలో ముసలివాళ్లు దవాఖాన చీటీలు, కోర్టు కాగితాలు నా దగ్గరికి తెస్తారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతాను. చెడ్డ వార్త వచ్చినప్పుడు నా చూపు వాళ్ల మొహం మీదికి పోబోతుంది. పోనివ్వను. ముందు వేలు ఆ మాట దాటాలి.