ప్రకటనలక్క మౌనం

మా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళలో ఆమె ముఖం తెలిసినవాళ్ళు బహు తక్కువ. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. గ్రంథాలయం పక్కనున్న మెట్లెక్కితే ఒక ఇరుకు గది వస్తుంది. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు పాత దుప్పట్లు కొట్టి ఉంటాయి. ఒక బల్ల, ఒక మైకు, ఒక ఫోను, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ఆమె, రెండో దాంట్లో నేను. నేను మైకు మెకానిక్‌ని. ఉదయం తరగతులు మొదలయ్యే ముందు, సాయంత్రం అవి ముగిశాక, ఆవరణంతా స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లలో రాబోయే కార్యక్రమాలు చదవడం ఆమె పని. రేపు ఏ హాల్లో ఎవరి ఉపన్యాసం, రక్తదానం ఎక్కడ, ఫుట్‌బాల్ పోటీ ఎన్నింటికి, ఎవరి తాళంచెవులు ఎవరికి దొరికాయి, అన్నీ ఆమె నోటి మీదుగానే వెళ్ళాలి. అందరూ ఆమెను ప్రకటనలక్క అంటారు. వైస్ ఛాన్సలర్ గారు కూడా ఒకసారి నిండు సభలో నోరు జారి అలాగే పిలిచారు.

ఆమె చేరింది టైపిస్టుగా. అప్పటి అనౌన్సరుగారికి జలుబు చేస్తే, ఈ ఒక్క రోజుకి నువ్వు చదివెయ్యమ్మా అని కూర్చోబెట్టారట. ఆ ఒక్క రోజు ఇంకా పూర్తి కాలేదు. మైకు దొరికితే చాలు, చాలామంది గొంతు పెంచేస్తారు. ఆమె తగ్గించేది. ఎదురుగా కూర్చున్న ఒక్కరికే చెబుతున్నట్టు చదివేది. పరీక్ష వాయిదా పడిందని చెప్పేటప్పుడు కూడా, ఆ సంతోషమేదో పిల్లలకే వదిలేసి తను మామూలుగా ఉండేది. నాకు అది నచ్చేది. నాకు నచ్చే విషయాలు తక్కువని మా ఆవిడ అంటుంది, నిజమే.

ఇంట్లోనూ ఆమెది అదే ఉద్యోగం. మా సిబ్బంది ఇళ్ళు ఆవరణ చివర, ప్రహరీని ఆనుకుని ఉంటాయి. ఆమె భర్త విశ్వవిద్యాలయం బస్సు నడుపుతాడు. నేను బావ అని పిలుస్తాను, ఆయన పలుకుతాడు. బావ వాళ్ళమ్మగారికి కొన్నేళ్ళ కిందట చూపు పోయింది. పోయిన కొత్తలో ఆ పెద్దావిడ మంచం దిగనని భీష్మించుకుంది. దిగితే కుర్చీ తగులుతుంది, కుర్చీ తప్పించుకుంటే తలుపు తగులుతుంది. అప్పుడు కోడలు ఇంట్లో ప్రకటనలు మొదలుపెట్టింది. అత్తయ్యా, తలుపు తీస్తున్నాను. అత్తయ్యా, మీ ఎడమ పక్క బల్ల మీద నీళ్ళ గ్లాసుంది. అత్తయ్యా, ఇంకాసేపట్లో వాన వచ్చేలా ఉంది, కిటికీ వేస్తున్నాను. ఇల్లంతా ఆ గొంతుతో గీసి చూపించేది. దాన్ని పట్టుకునే పెద్దావిడ మంచం దిగింది, వాకిట్లోకి వచ్చింది, చుట్టుపక్కలవాళ్ళ మీద చాడీలు చెప్పే దాకా కోలుకుంది. కోడలు ఆఫీసులో ఉన్న వేళ కూడా చింత లేదు. ఆఖరి స్తంభం మీది లౌడ్‌స్పీకరు సరిగ్గా ఆ ఇంటి కిటికీ వైపే తిరిగి ఉంటుంది. తిప్పింది నేనే.

ఏటా పూర్వ విద్యార్థుల దినం వస్తుంది. మా దగ్గర ఆ రోజుకొక ఆనవాయితీ ఉంది. ఏ జట్టు వాళ్ళయితే ఆ ఏడు కలుసుకుంటున్నారో, వాళ్ళు చదువు ముగించిన ఏటి ప్రకటనలను అక్క మళ్ళీ చదువుతుంది. జరిగిపోయినట్టు కాదు, రేపే జరగబోతున్నట్టు. రేపు సాయంత్రం వక్తృత్వ పోటీ అనగానే బట్టతలలవాళ్ళు ఈలలు వేస్తారు. రేపు హాస్టల్ ఖాళీ చేయవలెను అనగానే అమ్మమ్మలైనవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఆ చదువు కోసమే దూరాల నుంచి వచ్చేవాళ్ళున్నారు. అందుకని ఆ దినానికి ముందు రెండు రోజులు అక్క గొంతుకు విశ్రాంతి ఇచ్చేది. పూర్తి మౌనం. ఆ రెండు రోజులూ బావ సెలవు పెట్టి ఇంట్లో ప్రకటనలు చేసేవాడు. ఆయన తికమకగా చెబితే పెద్దావిడ వెళ్ళి గోడకు గుద్దుకోవడం, ముగ్గురూ నవ్వుకోవడం మామూలే.

ఈ ఏడు ఆమె గొంతులో జీర వచ్చింది. ముందు దుమ్ము వల్లనంది, తర్వాత చలి వల్లనంది. మైకు ముందు రోజూ కూర్చునే నాకు తెలియదా? పోరు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చాలాసేపు చూసి, స్వరపేటిక మీద ముద్ద ఉందని, వెంటనే కోసి తీసి పరీక్షకు పంపాలని చెప్పాడు. ఎంత లోతుకు పాకిందో కోస్తేగానీ తెలియదట. తర్వాత ఎంత గొంతు మిగులుతుందో, అసలు మిగులుతుందో లేదో మాట ఇవ్వలేనన్నాడు. ఆపరేషన్ పూర్వ విద్యార్థుల దినం మర్నాటికి పెట్టమని ఆమె అడిగింది. ఆయన విసుక్కుని, సరే, కానీ అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, ముద్ద చిట్లితే ఉన్నది కూడా పోతుంది అన్నాడు. ఆమె బుద్ధిగా తలూపింది. ఆ దినం మైకు ముందు కూర్చోవాలన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు, బల్ల కింద నా కాలు తొక్కి పట్టుకుంది.

బయటికొచ్చాక వసారాలో నా చేత ఒట్టు వేయించుకుంది. పూర్వ విద్యార్థుల దినం వరకు ఆమె నోట నేను విన్న ఆఖరి మాట అదే.

"ఇంట్లో చెప్పకు. మీ బావ నోట్లో నువ్వుగింజ నానదు. అత్తయ్యకి తెలిస్తే మళ్ళీ మంచం ఎక్కేస్తారు. ఆ ఒక్క రోజూ చదివేసి వెళ్ళి పడుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. ఎవరో ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయినవాళ్ళ కోసం గొంతు పోగొట్టుకుంటావా అని అరిచాను. ఆమె నోటి మీద వేలు పెట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. మౌనం మొదలైపోయింది.

ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఈసారి జట్టు పెద్దదట, అక్క ముందే మౌనం పట్టిందట అని బావ నవ్వుతూ చెప్పాడు. ఉదయం, సాయంత్రం ప్రకటనలు ఆఫీసు గుమాస్తా చదివాడు. ఆయన చదివితే ఉపన్యాసం కూడా సంతాప సభలా ఉండేది. అక్క సెలవు పెట్టింది గానీ, బావకు అన్ని రోజులు సెలవు దొరకలేదు. పగలంతా ఇంట్లో చూపు లేని అత్తగారు, మాట లేని కోడలు. ఆమె బల్ల మీద తట్టి తన జాడ చెప్పేది, చేయి పట్టుకుని నడిపించేది. మొదట్లో పెద్దావిడ హాస్యమాడింది. తర్వాత ప్రశ్నలు వేసింది. ఆ తర్వాత చేయి విడిపించుకోసాగింది.

కారణం నాకు బావ చెప్పాడు. మౌనం మొదలైన రోజుకు ముందు సాయంత్రం పెద్దావిడకు తలనొప్పిగా ఉందట. కోడలు అలవాటుగా ఏదో చెబుతుంటే విసుగొచ్చి, ఎప్పుడూ వాగుతూనే ఉంటావు, కాసేపు నోరు మూసుకోలేవా అన్నదట. అంతే. మర్నాటి నుంచి కోడలు నోరు మూసుకుంది. రెండు రోజుల మౌనం వారాలకు పాకేసరికి పెద్దావిడకు లెక్క కుదిరిపోయింది. కోడలు అలిగింది. తన మాటకే అలిగింది. ఏటా పట్టే మౌనాన్ని సాకు చేసుకుని తనను శిక్షిస్తోంది. మా అమ్మ అలా అనుకుంటోందిరా, మీ అక్కతో చెబితే ఏడుస్తుంది, రాసి చూపిస్తే అమ్మ చదవలేదు, మధ్యలో నేను చెబితే పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావంటోంది అని బావ తల పట్టుకున్నాడు. నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేశాను. ఆ మింగుడు నాకు ఒంటికి పట్టలేదు. ఇంట్లో మా ఆవిడ మీద కేకలు వేశాను, ఆఫీసులో గుమాస్తా మీద వేశాను.

ఆ దినం రానే వచ్చింది. పచ్చిక మీద కుర్చీలు వేశారు. నెరిసిన తలలు, చేతికర్రలు, కౌగిలింతలు, ఫొటోలు. పై గదిలో మేమిద్దరమే. అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పాత ప్రకటనల కాగితం ముందు పెట్టుకుని, గోరువెచ్చటి నీళ్ళు గుటకలు వేస్తోంది. గ్లాసు పళ్ళకు తగిలి చప్పుడవుతోంది. అంత భయపడుతున్నదానివి ఎందుకమ్మా ఈ సాహసం అని నేను గొణిగాను. కింద నుంచి సభ చూసుకునే ఆయన చెయ్యెత్తి, ఇక మొదలుపెట్టమని సైగ చేశాడు.

అప్పుడే ఫోను మోగింది. బావ. ఆయన గొంతు గదంతా వినబడింది.

"అమ్మ బట్టలు సర్దుకుంది. పొద్దుట్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మాట్లాడని ఇంట్లో ఉండనంటోంది, తన చెల్లెలింటికి పంపించెయ్యమని గుమ్మంలో కూర్చుంది. మీ అక్కని ఒక్కసారి రమ్మను. ఒక్క మాట మాట్లాడమను. చాలు."

నేను ఫోను పెట్టేసి అక్క వైపు చూశాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేనిక ఆగలేకపోయాను. ఒట్టూ లేదు, గట్టూ లేదు, నేనే పరిగెత్తుకెళ్ళి ఉన్నదంతా చెప్పేస్తానని లేచాను. ఆమె నా చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. చేత్తో తన గుండె మీద కొట్టుకుని, తలను అడ్డంగా ఊపింది. నువ్వు చెబితే నమ్మరు, నేనే చెప్పాలి అని దానర్థం. అదీ నిజమే. ఆ ఇంట్లో ఇప్పుడు ఆ ఒక్క గొంతు తప్ప ఇంకేదీ చెల్లదు.

కింద ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు. నేను స్విచ్ మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఇంటికి వెళ్ళు, ఉన్న నాలుగు మాటలూ అక్కడ మాట్లాడు, వీళ్ళకి గుమాస్తా చాలు అన్నాను. ఇల్లు ఆవరణ ఆ చివర. పెద్దావిడ గుమ్మం దాటి రోడ్డు మీదకు నడిచిందంటే ఏ బండి కిందో పడుతుందని మా ఇద్దరికీ తెలుసు. అక్క ఒక్క క్షణం కిటికీలోంచి దూరంగా చివరి స్తంభం వైపు చూసింది. నా చెయ్యి పక్కకు తోసి తనే స్విచ్ వేసింది. ఎర్ర దీపం వెలిగింది.

"అందరికీ నమస్కారం. రాబోయే కార్యక్రమాలు."

ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు. లోపల ఏదో ఒరుసుకుంటున్నట్టుంది. అయినా పచ్చిక మీద చప్పట్లు లేచాయి. రేపు సాయంత్రం పాత భవనంలో వక్తృత్వ పోటీ, ఆలస్యంగా వచ్చినవారు వెనక బెంచీల్లో కూర్చోవలెను అని చదివింది. నవ్వులు, ఈలలు. తర్వాత కాగితం పక్కకు జరిపింది.

"పెద్దలు మన్నించాలి. మా ఇంటి కార్యక్రమం ఒకటుంది. రేపు పొద్దున నా గొంతుకి ఆపరేషన్. తర్వాత ఈ గొంతు ఉంటుందో ఉండదో తెలీదు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె దగ్గింది. ఆ దగ్గు స్తంభాలన్నిటి మీద నుంచీ వినిపించింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తీసి, దాని వంక చూడకుండా మడిచి పిడికిట్లో దాచింది. దాని మీది ఎర్ర మరక నేను చూశాను. స్విచ్ ఆపడానికి చెయ్యి చాచాను. ఆ చేతిని గట్టిగా పట్టుకుని మళ్ళీ మైకు దగ్గరికి వంగింది.

"అత్తయ్యా, నేను అలగలేదు. మీరన్న మాటకి కాదు. మాట్లాడితే గొంతు పోతుందన్నారు, అందుకని. గుమ్మానికి కుడి పక్క బల్ల మీద నేను పెట్టిన పళ్ళెం ఉంది. మూత తీసుకోండి. తినండి."

ఆఖరి మాట గాలిలాగే వచ్చింది. నేను స్విచ్ ఆపాను. పచ్చిక మీద వెనక వరుసలో ఎవరో లేచి నిలబడ్డారు, పక్కవాళ్ళు లేచారు, చూస్తుండగానే అందరూ లేచారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అక్క మాత్రం అటు చూడనే లేదు. ఫోను వైపే చూస్తూ కూర్చుంది. అది మోగదు. బావ ఎత్తడానికి ఇంట్లో ఉన్నాడో, తల్లి వెనక రోడ్డు మీద పరిగెడుతున్నాడో తెలియదు. చివరి స్తంభానికి కరెంటు అందిందో లేదోనని నాకు కొత్త భయం పట్టుకుంది.

మోగింది. తీశాను. బావ కాదు. ఫోనంటేనే ఇష్టపడని పెద్దావిడ.

"అమ్మాయేది? దాని చెవికి పెట్టు."

పెట్టాను. ఆవిడ అరుపు నాకూ వినబడుతూనే ఉంది.

"నోరు తెరిచావంటే ఊరుకోను. ఊఁ కూడా అనకు. పళ్ళెం ముందరే ఉంది, తింటున్నా. రేపు ఆసుపత్రికి నేనూ వస్తున్నా. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పావు, నేను విన్నా. ఇహ నేను చెబుతా, నువ్వు విను. వింటున్నావా?"

అక్క రెండు చేతులతో నోరు మూసుకుని, కన్నీళ్ళు కారిపోతుంటే, ఫోను ముందు తలూపుతోంది. ఊపుతూనే ఉంది. ఎదురుగా నిలబడి ఊపినా కనిపించని మనిషికి ఫోన్లో ఊపితే ఏం లాభమని నేను ఫోను లాక్కున్నాను.

"తలూపుతోందండీ, పెద్దమ్మగారూ."

"తెలుసులే, నాయనా" అన్నదావిడ.