గౌస్ పీర్ తెరవని ఫోల్డరు

బద్వేలులో గౌస్ పీర్ టైపు ఇన్‌స్టిట్యూట్ ఇంటర్నెట్ సెంటరుగా మారి నాలుగేళ్లయినా ఊరు దాన్ని టైపు గౌస్ అంగడి అనే పిలిచేది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, టెలిఫోను తీగ మీద ఈడ్చుకుంటూ నడిచే ఇంటర్నెట్టు. మెయిల్ చిరునామా కూడా ఒకటే. ఆ ఒక్క చిరునామాకే కువైట్ నుంచి అరవై రెండు ఇళ్ల జాబులు వచ్చేవి. ఇంటిపనికీ డ్రైవరు పనికీ పోయినవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపేవారు. గౌస్ పీర్ పొద్దున పదింటికి లైను కలిపి, మెయిళ్లన్నీ కంప్యూటరులోకి దించుకుని, లైను తెంచేసి, తీరిగ్గా అచ్చు తీసేవాడు. చదువు రానివాళ్లకు చదివి వినిపించేవాడు. ఇదంతా పుణ్యకార్యమని పొగిడే పెద్దమనుషులుండేవారు. కాగితానికి ఐదు రూపాయలు తీసుకునే గౌస్ పీర్ మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు.

విమానమెక్కబోయే ప్రతివాళ్ల చేతిలో అతను ఒక చీటీ పెట్టేవాడు. జాబు పైవరసలో పెద్దక్షరాలతో అర్జెంట్ అని కొట్టాలి, పక్కన ఇంటివాళ్ల పేరు కొట్టాలి. ఆ గుర్తున్నవాటిని ముందు తీస్తాడు. మనవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించమన్నా అర్జెంటే, ఊరగాయ పంపమన్నా అర్జెంటే.

2005 ఎండాకాలానికి చెత్త మెయిళ్లు ముంచెత్తాయి. రోజుకు పది పదిహేను జాబుల మధ్య రెండు వందల చెత్త: లాటరీలు, మందులు, బట్టల్లేని బొమ్మలు. ఒకరోజు పక్క గుడ్డల అంగడి నాగసుబ్బయ్య భార్య కన్యకమ్మ తమ్ముడి జాబు కోసం వచ్చి కుర్చీలో కూర్చుంది. గౌస్ పీర్ ఒక వరస మీద నొక్కబోయి ఇంకో వరస మీద నొక్కాడు. తెర నిండా పరిచిన బొమ్మను చూసి ఆమె లేచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయింది.

నాగసుబ్బయ్య నవ్వుతూనే వచ్చాడు. "ఏమప్పా గౌసూ, మా ఇంటామెకి సినిమా సూపిచ్చినావంట. టికెట్టు యాడ?"

గౌస్ పీర్‌కు నవ్వు రాలేదు. బురఖా వేసుకున్న ఆడవాళ్లు ఒంటరిగా వచ్చి కూర్చునే అంగడి అది. ఆ పేరు పోతే అంగడి పోయినట్టే.

ఒక కంప్యూటరు పత్రికతో ఊరికే వచ్చిన సీడీలో మెయిళ్లు దించుకునే కొత్త ప్రోగ్రాము ఒకటి ఉంది. అది చెత్తను తనే ఏరుతుంది. మనం ఒక మెయిలు చూపి ఇది చెత్త అని నొక్కితే, అందులోని మాటలు గుర్తుపెట్టుకుంటుంది. అలాంటి మాటలతోనే మరొకటి వస్తే మనల్ని అడక్కుండా పక్క ఫోల్డరులో పడేస్తుంది. గౌస్ పీర్ మూడు వారాలు దానికి పాఠం చెప్పాడు, ఒకప్పుడు పిల్లలకు టైపు నేర్పినంత ఓపికగా. లాటరీవాళ్లు, దేశంకాని దేశపు రాజకుమారులు కూడా పైవరసలో పెద్దక్షరాలతో అర్జెంట్ అనే అరుస్తారు. పాస్‌పోర్టు కాపీ పంపమంటారు, ఫలానా తేదీలోపల అంటారు. వాటన్నిటి మీదా చెత్త అని నొక్కాడు. పాత జాబులవాళ్ల చిరునామాలు ముందే ప్రోగ్రాములోని చిరునామాల పుస్తకంలో ఎక్కించి పెట్టాడు గనక అవి యథాప్రకారం వస్తూనే ఉన్నాయి. మొదటి వారం పక్క ఫోల్డరు తెరిచి చూశాడు. అంతా చెత్తే. డిస్కులో చోటు చాలదని, పది రోజులు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టి, ఇక అటు చూడటం మానేశాడు. తెర శుభ్రపడింది. కన్యకమ్మ మళ్లీ వచ్చింది.

మాబున్నీసా మాత్రం రోజూ వచ్చేది. బొరుగుల బట్టీలో పని. మధ్యాహ్నం అన్నానికి వదిలినప్పుడు, చేతులకు బూడిదతోనే గడప దగ్గర నిలబడేది. కూతురు షాహనా కువైట్‌లో ఒక ఇంట్లో పనికి చేరి ఏడు నెలలు. నెలకు రెండు జాబులు రాయించేది. మే నెలలో ఒక్కటీ రాలేదు.

"వచ్చిందా అన్నా?"

"రాలేదు మా."

"ఇంగోసారి సూడన్నా."

"సూసినా మా. వస్తే నీకు చెప్పకుండా పెట్టుకుంటానా?"

చూడలేదు. శుభ్రంగా ఉన్న తెరను ఒకసారి కిందికి లాగి, పైకి లాగేవాడు. అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు.

మే 27న నాగసుబ్బయ్య అంగడిలోకి విసురుగా వచ్చాడు. సూరత్ వ్యాపారి చీరల రేట్లు పంపాడట, రెండు రోజులైనా గౌస్ పీర్ ఇవ్వలేదట. "వాడు పంపినానంటాండాడు, నువ్వు రాలేదంటాండావు. నడుమ ఎవురు మింగినారు? నా కండ్లముందర వెతుకు."

ఇరవై ఆరు రోజులు ఒక తల్లి మెల్లగా అడిగితే తెరుచుకోని ఫోల్డరు, ఒక వ్యాపారి ఒక్కసారి గొంతు పెంచితే తెరుచుకుంది. చీరల రేట్లు అందులోనే ఉన్నాయి. వాటికి కాస్త కింద, పుస్తకంలో లేని, ఎవరో ముక్కూ మొహం తెలియని డ్రైవరు చిరునామా నుంచి, మే 21 తేదీతో, పెద్దక్షరాలతో ఇంకొకటి: అర్జెంట్ మాబున్నీసా.

నాగసుబ్బయ్య తన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. గౌస్ పీర్ రెండోది అచ్చు తీసి, మాబున్నీసా వచ్చేదాకా బల్ల మీద బోర్లించి పెట్టాడు. దాచేయవచ్చు. ఆ ఆలోచన రాలేదని చెబితే నమ్మాల్సిన పనిలేదు. ఆమె వచ్చాక చదివాడు.

"అమ్మా, రెండో తారీఖున రాయించినా, తొమ్మిదిన రాయించినా. పని ఇల్లు వదిలి పారిపోయి వచ్చి, మన మాదిరోళ్లని పెట్టుకునే ఒక వసతిలో ఉన్నానని చెప్పినా. నా పాస్‌పోర్టు ఆ ఇంటోళ్ల దగ్గరే ఉంది. ట్రంకు పెట్టెలో ఉండే జిరాక్సు ఇరవై లోపల ఫ్యాక్స్ చేస్తే కొత్త కాగితాలు పుట్టించి ఇంటికి పంపుతామన్నారు. నువ్వు పంపలేదు. రేపు ఏజెంటు వచ్చి మళ్లీ ఆ ఇంటికే తీసుకుపోతాడంట. నా మీద కోపమా అమ్మా?"

కింద ఒక ఫోను నంబరు ఉంది.

మాబున్నీసా కాగితం అందుకుంది. "మొదటి రెండు యాడికి పోయినాయి?"

"చెరిగిపోయినాయి మా."

"ఎవురు చెరిపినారు? మిషనా?"

"మిషనే. అట్లాంటివి చెత్త అని దానికి నేర్పింది నేనే."

ఆమె తిట్టలేదు. బట్టీకి పోకుండా ఇంటికి పోయి జిరాక్సు తెచ్చింది. నాలుగు మడతల కాగితం. మడత సరిగ్గా షాహనా ఫోటో మీద పడి మొహం చెరిగింది. గౌస్ పీర్ ఫ్యాక్స్ చేసి, ఆ నంబరుకు ఫోను చేశాడు. అవతల మలయాళీ యాసలో ఎవరో హిందీలో చెప్పారు: ఆ అమ్మాయిని ఇరవై రెండున ఏజెంటుకు అప్పగించేశాం, ఏ ఇంటికి తీసుకుపోయాడో మా దగ్గర రాసి లేదు. డ్రైవరు చిరునామాకు మెయిలు పెట్టాడు. నెల తర్వాత కూడా జవాబు లేదు. ఏజెంటు ఫోను ఎత్తలేదు.

ఇదంతా విధిరాత అని అతన్ని ఓదార్చిన పెద్దలున్నారు. గౌస్ పీర్ వాళ్లకు టీ తెప్పించాడు, ఒప్పుకోలేదు. ప్రోగ్రాములో చెత్త ఏరే పనిని ఆపేశాడు. చీటీలోంచి అర్జెంట్ అనే మాట తీసేశాడు. రెండు వందల చెత్త మెయిళ్లనూ రోజూ ఒక్కొక్కటే తెరిచి చూశాకే చెరిపేవాడు. కన్యకమ్మ మళ్లీ రావడం మానేసింది. మిగతా ఆడవాళ్లూ తగ్గారు.

మాబున్నీసా మానలేదు. మధ్యాహ్నం వచ్చి, ఇప్పుడు గడప దగ్గర కాకుండా అతని కుర్చీ వెనకే నిలబడేది. వచ్చిందా అని అడిగేది కాదు. అక్షరం రాకపోయినా తెర వంక కళ్లార్పకుండా చూసేది.

"ఇది కాదు మా."

"ఇంగోటి."

"ఇదీ కాదు."

"ఇంగోటి తెరువు."

ఒకరోజు తెర మీద బొమ్మ పడింది, కన్యకమ్మ చూసినలాంటిదే. గౌస్ పీర్ చప్పున అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యన్నా," అంది మాబున్నీసా. "ఆ బొమ్మ కింద ఏముండాదో సూడు."