మేడం చెట్టుకు అవ్వ దుప్పటి

చేతికి కొత్తగా స్మార్ట్‌ఫోన్ వచ్చిన ఆ రోజుల్లో, అందులో కనపడిందల్లా మా హాలియా ఊరి కోసమే రాశారని నమ్మేదాన్ని. తెలంగాణ రాష్ట్రం వచ్చి అప్పటికి రెండేళ్లయింది, నాకు ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వచ్చి రెండు నెలలు. నన్ను ఉంచేదీ పంపేదీ క్రిస్మస్ సెలవుల తర్వాత చెబుతానన్న హెడ్ మేడం, ఊరికి పోతూ తన దేవగన్నేరు కుండీని నాకు అప్పగించారు. కేరళ నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఎర్రపూల చెట్టు. “జర పైలంగ చూస్కో బిడ్డా” అన్నారంతే. ఆ రాత్రే ఫోన్లో వెతికాను. మంచు కురిసే దేశపు తోటమాలి ఎవరో రాశాడు: చలికాలం చెట్టును ఇంట్లోకి తేవాలి, వెచ్చగా చుట్టాలి, నీళ్లు మానేసి చీకట్లో నిద్రపోనివ్వాలి. (మా ఇంట్లో అప్పటికి మధ్యాహ్నాలు ఫ్యాను తిరుగుతూనే ఉంది.) కుండీని మూల గదిలోకి ఈడ్చి, అవ్వ దుప్పటి తీసి చెట్టుకు కప్పాను. “చెట్టుకు సలిపెడతాందా? మరి నాకు?” అంది అవ్వ. “మెల్లగ మాట్లాడవ్వా, నిద్రపోతాంది” అన్నాను.

వారం తిరిగేసరికి ఆకులన్నీ పసుపెక్కి రాలిపోయాయి. మేడం రావడానికి ఒక్కరోజే ఉంది. “పానం పోయిందే దానికి. నీళ్లన్న పోయకపోతివి” అని అవ్వ ముక్కు చీదింది. ఏడుస్తూ పక్కింటి దర్జీ చాచా దగ్గరికి పరుగెత్తాను. ఆయన గంభీరంగా చెట్టు చుట్టూ తిరిగి, “చొక్కాకైతే కొలతలుంటయ్ బేటీ. దీనికి ఏం తీయాలె?” అన్నాడు. చివరికి ఆయన పెరట్లోని మామిడాకులు తెంపి, పచ్చదారంతో ఒక్కొక్కటే కొమ్మలకు కుట్టాం. సూది దిగిన చోటల్లా పాలు కారాయి. చచ్చిన చెట్టుకు పాలెట్లా వస్తాయని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు కుండీని ఆటోలో బడికి చేర్చాను. మేడం ఒక ఆకు తుంచి వాసన చూశారు.

“గిది ఏటా సలికాలం బోడిగనే ఉంటది బిడ్డా. ఎండలు ముదిరినంక మల్ల చిగురిస్తది. మామిడాకులు ఎప్పుడేసింది?”

నాకు అబద్ధం చెప్పడం రాదు. “నిన్న సాయంత్రం మేడం” అన్నాను.

ఆమె కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఉద్యోగం నిలిచింది, ఎందుకు నిలిచిందో నేను అడగలేదు. ఇప్పుడు నా దగ్గరున్న చెట్లు ఆకు రాల్చినా నేను తలెత్తి చూడను. ఒక్కోసారి మాత్రం, సూదీ దారంతో చెట్టు ముందు కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి, దాని కన్నీళ్లు తుడిచి, ఓ చాయ్ తాగించాలనిపిస్తుంది.