ఎదురుకాళ్ల అవ్వ

జీతం లేని రాతపని నాది. ఆదివారం అనుబంధాలకూ ఒకటి రెండు మాసపత్రికలకూ రాస్తాను. పత్రికలో నా పేరు చూసిన బంధువులు "ఇంకా ఉద్యోగమేం రాలేదా?" అని అడుగుతారు. వాళ్ల నోళ్లు మూయించడం నా తరం కాదు కాబట్టి స్కూటరెక్కి ఊళ్లమీద పడతాను. తడ నుంచి పలమనేరు దాకా నేను తిరగని మట్టిదారి తక్కువ.

అట్లా తిరుగుతూ ఉంటే ఐరాల దగ్గర కొండపక్క చేనులో ఒక అవ్వ కనబడింది. ఒంటి మనిషి. రేకుల కొట్టం, రెండు మేకలు. ఆమె ఎదురుకాళ్లతో, తలకంటే ముందు కాళ్లు బయటపడి పుట్టిందట. అటువంటివాళ్లు కాలితో తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. నేను వెళ్లేసరికి వాకిట్లో ఒక ట్రాక్టర్ డ్రైవరు బోర్లా పడుకుని ఉన్నాడు. అవ్వ గోడ పట్టుకుని అతని నడుం మీద మెల్లగా కాలు మోపి, "లెయ్ నాయనా, ఇంగ పో" అంది. ఎవరి దగ్గరా పైసా ముట్టదు. నేనూ తొక్కించుకున్నాను. నొప్పి పోయిందో లేదో గానీ ప్రాణం మాత్రం హాయిగా ఉండింది.

అదంతా రాశాను. ఊరి పేరు రాయలేదు, ఐరాల మండలం అన్నాను అంతే. అచ్చయిన మరునాడే ఫోన్ వచ్చింది. మెత్తటి మగగొంతు.

"శానా బాగా రాసినారమ్మా. ఆ యవ్వ నిజ్జంగానే ఎదురుకాళ్లతో పుట్టిందా, మీరు కల్పించినారా?"

నేను రాసిందాన్ని కల్పన అంటే నాకు ఒళ్లు మండుతుంది. అక్షరాలా నిజమన్నాను.

"ఇంగేం గావాల! యా ఊరమ్మా?"

ఆ అడగడం నాకు నచ్చలేదు. చెప్పనన్నాను.

"పర్లేదులేమ్మా. ఐరాల కాడ ఎన్ని కొండలుండాయి? ఎతుక్కుంటాం" అని పెట్టేశాడు.

మా జిల్లాలో గుప్తనిధుల పిచ్చి ఈనాటిది కాదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల అరచేతికి అంజనం రాస్తే భూమిలో ఉన్న సొత్తు వాళ్లకు కనబడుతుందని తవ్వేవాళ్ల నమ్మకం. కనబడకపోతే ఆ మనిషిని అక్కడే బలిస్తారని పుకారు. ఆ ముక్క గుర్తుకొచ్చిన వెంటనే స్కూటరెక్కాను.

నేను వెళ్లేసరికి అవ్వ కొత్త చీర ఒళ్లో పెట్టుకుని మురిసిపోతోంది.

"ఎవురో మారాజులు పాపా, కార్లో వచ్చినారు. నా కాళ్లకు దండం పెట్టి చీర ఇచ్చినారు. అమాసనాడు కొండకాడికి పిలుసుకు పోతారంట."

ఓరి దేవుడా! ఉన్నదంతా చెప్పేశాను. అవ్వ పడీ పడీ నవ్వింది. "నన్ను బలిచ్చి ఏం సేసుకుంటారు మే? ఎముకలు దప్ప ఏముండాది నాకాడ?" నేను ఏడవడం చూసి నవ్వు ఆపింది. స్టేషన్‌కు పోతే, చీర పెట్టినోళ్ల మీద కేసేం రాస్తామమ్మా అన్నారు. మేకలను పక్కచేను వాళ్లకు అప్పగించి, అవ్వను స్కూటర్ మీద తిరుపతికి, నా ఇంటికి తెచ్చుకున్నాను.

"నడుం సంగతి ఈడ ఎవరికీ చెప్పొద్దవ్వా" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. ఏం లాభం! వారం తిరక్కుండానే పైవాటా ఆవిడ మా హాల్లో బోర్లా పడుకుని ఉంది.

"నీ కాళ్ల కోసమే గదవ్వా వాళ్లు తిరుగుతుండేది!" అని అరిచాను.

"నొప్పని వచ్చినోళ్లను పొమ్మంటే ఈ కాళ్లెందుకు పాపా నాకు?" అంది, అరవకుండానే.

తిరుపతిలో నడుం నొప్పి లేని ఇల్లు ఏది? పొద్దస్తమానం నిలబడే చీరల కొట్టు పిల్లలు, ఆటోవాళ్లు, కొండెక్కి దిగిన యాత్రికులు, ఒకరి నోట ఒకరు విని అందరూ వచ్చారు. బెల్లు మోగిన ప్రతిసారీ కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. ఒప్పుకున్న వ్యాసాలు ఒక్కటీ ముందుకు సాగలేదు.

అమావాస్యకు ముందురోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. హాల్లోంచి అవ్వ "బోర్ల పండుకో నాయనా" అనడం వినబడింది.

"అట్లే అవ్వా."

ఆ మెత్తటి గొంతే. గరిట పట్టుకునే బయటికి వచ్చాను. తెల్లచొక్కా మనిషి చాప మీద పడుకుని ఉన్నాడు. అవ్వ కాలు అతని నడుం మీద ఉంది. అతను లేచి, అవ్వ కాళ్లు కళ్లకద్దుకుని, నావైపు తిరిగాడు.

"మీరు రాసింది నిజమేనమ్మా. నొప్పి పోయింది. రేపు కారు ఈడికే పంపిస్తా."

అతను గేటు దాటగానే గడియ పెట్టి, "వాడెవడో తెలుసా నీకు?" అన్నాను.

"తెల్సు. సీర పెట్టినోడే గదా. అయినా నడుం పట్టేసింది నిజ్జమే పాపా, నా కాలికి తెలిసిపోయింది."

ఆ సాయంత్రమే అవ్వను వేరే ఊరికి చేర్చాను. ఏ ఊరో ఎడిటర్ అడిగినా చెప్పలేదు, ఇక్కడా రాయను. కానీ నేను దాస్తే సరిపోతుందా? ఆ ఊళ్లో కూడా ఎవడో ఒకడు నడుం పట్టుకుని వస్తాడు. అవ్వ కాదనదు.