తెల్లబట్టల శుక్రవారం

సుమతి సముద్రం చూడలేదు. పుంగనూరు దగ్గర గొర్రెలూ ఆవులూ మేపుకునే ఊళ్లో కాపురం, సీజన్‌లో మదనపల్లె యార్డులో టమోటా ఏరే కూలి. ఆమె ఎరిగిన పెద్ద నీళ్లంటే నాలుగేళ్లకోసారి నిండే ఊరి కుంట. అయినా ఫలానా ఓడ అమెరికాలోని మయామీలో ఏ రోజు కదులుతుందో, జమైకాలో ఎన్నింటికి ఆగుతుందో, కోజుమెల్‌లో జనం ఎన్ని గంటలు దిగి తిరుగుతారో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆ ఓడలో ఆమె మొగుడు ఉమాశంకర్ గదులు సర్దే పనిచేసేవాడు.

ఓడంటే సరుకులు మోసే ఓడ కాదు. పదహారు అంతస్తుల విహార ఓడ. అందులో ఈతకొలనులు, సినిమా హాళ్లు, పొద్దస్తమానం తిండి. ఆదివారం ఆరువేలమంది ఎక్కి, మళ్లీ ఆదివారం దిగిపోతారు. వాళ్లు షికారుకు పోయినప్పుడు ఉమాశంకర్ పక్కలు సర్ది, తువ్వాళ్లు మడిచి ఏనుగునో కోతినో చేసి మంచం మీద కూర్చోబెట్టేవాడు. ఒకసారి పొట్టికాళ్ల పుంగనూరు ఆవును చేస్తే, ఆ గదిలోని పాప కుక్కపిల్ల అనుకుని పక్కలో పెట్టుకుని పడుకుందట. ఆ సంగతి ఫోన్లో చెప్పి పగలబడి నవ్వాడు.

మర్నాడు ఓడలో ఏ గంటకు ఏ వేడుకో అచ్చువేసిన కాగితం ఒకటి రోజూ గదిగదికీ పంచాలి. పంచేముందు దాన్ని ఫొటో తీసి సుమతికి పంపేవాడు. పదో తరగతితో ఆగిపోయిన ఆమె ఇంగ్లీషు ఆ కాగితాల మీదే సాగింది. వాటిని అత్త రామక్కకు చదివి వినిపించేది.

"అత్తా, ఈ పొద్దు పదకొండు గంటలకు పొట్టమీద పడేటట్టు నీళ్లల్లోకి దూకే పోటీ ఉండాదంట."

"పనీపాటా లేనోళ్లు! ఆ పొట్టలకు గొర్లు మేపే పని పెడితే తెలుస్తాది."

అత్తాకోడళ్లకు అదే కాలక్షేపం. ఒక్క ముక్క మాత్రం సుమతి చదివేది కాదు. ప్రతి శుక్రవారం రాత్రి ఓడలోని జనమంతా తెల్లబట్టలు వేసుకుని పైఅంతస్తులో చిందులేస్తారు. చావుకు కట్టే తెల్లబట్టల్లో చిందులేమిటని ముసలామె పొద్దంతా తిట్టిపోస్తుందని దాన్ని దాటవేసేది.

ఆ మంగళవారం పొద్దున ఆమె ఆవు పాలు పితుకుతుంటే ఫోన్ మోగింది. వెంకటగిరికోట వాడు మహేష్, ఓడలో ఉమాశంకర్‌తో ఒకే గదిలో ఉండేవాడు.

"వదినా, పక్కన ఎవురన్నా ఉండారా?" అన్నాడు.

ఆ అడగడంలోనే ఆమెకు అర్థమైంది. అక్కడ సోమవారం సాయంత్రం. పక్కమీద దుప్పటి పరుస్తూ ఉమాశంకర్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఓడ డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. మనిషి దక్కలేదు. వయసు ముప్పై ఎనిమిది.

ఓడ వెనక్కి తిరగదు. జమైకా, కేమన్, కోజుమెల్ అన్నీ తిరిగి, ఆదివారం మయామీ చేరాకే ఉమాశంకర్‌ను దించుతారు. ఆ తర్వాత కాగితాల పని, విమానం. అంతవరకు ఓడ అడుగున చల్లటి గదిలో ఉంచుతారట.

ఈ మాట విన్న రామక్క మొదట ఏడవలేదు. "వాని దగ్గర ఎవురు కూర్చోనుండారు?" అని అడిగింది.

శవాన్ని ఒంటరిగా వదలకూడదు. తలదగ్గర దీపం ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి, ఏడ్చే గొంతు ఉండాలి. ఆమె మొగుడు పోయినప్పుడు ఊరంతా తెల్లవార్లూ కూర్చుంది. కొడుకేమో ముక్కూమొహం తెలియని నీళ్లమీద, తాళం వేసిన గదిలో ఒక్కడే.

"నా బిడ్డకు ఒక్కరన్నా ఏడ్సినారని తెలిసేదాకా నేను మెతుకు ముట్టను" అంది రామక్క.

ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఇరుగుపొరుగు అన్నం తెచ్చిపెడితే అది అలాగే చల్లారిపోయేది. ముసలామెకు షుగరు. మాత్ర వేసుకోదు, తినదు, రెండు గుక్కల నీళ్లు తప్ప ఏమీ పోవడం లేదు. మూడోరోజుకు కళ్లు లోపలికి పీక్కుపోయాయి. చినమామ ఓబులప్ప బతిమాలి, కోప్పడి, చివరికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు.

"యాడుండాడు నా కొడుకు?" అని పూటపూటకూ అడిగేది. ఓడ ఎక్కడుందో ఫోన్లో చూసి సుమతి ఆ ఊరి పేరు చెప్పేది.

"ఓడ ఆపినారా?"

"ఆపినారత్తా."

"నా కొడుకు కోసరమేనా?"

సుమతి తల వంచుకునేది. ఆపింది జనం ఇసుకలో పడుకోవడానికి, పూసల దండలు కొనుక్కోవడానికి. కాగితం ఇప్పుడు ఎవరూ పంపడం లేదు, పంపక్కర్లేదు కూడా. వారం వారం అదే వరుస. ఇప్పుడు పాటల పోటీ, ఇప్పుడు ఐస్‌గడ్డతో హంసను చెక్కడం, ఇప్పుడు హాస్యగాడి ప్రదర్శన అని గంట గంటకూ ఆమెకు తెలిసిపోతూనే ఉంది. తెలియకపోతే ఎంత బాగుండేది! వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. అడుగున ఎవరున్నారో వాళ్లకు తెలియదు. అయినా ఆ నాలుగు రోజులూ ఆరువేలమందినీ సుమతి మనసారా ద్వేషించింది.

శనివారం తెల్లారి ఏడున్నర. రామక్క లేచి కూర్చోలేకపోయింది. "యాడుండాడు?" అన్నది కూడా పెదవులు కదిలిస్తేనే తెలిసింది. ఇక ఈమె కూడా దక్కదని సుమతికి అనిపించింది. అక్కడ ఇంకా శుక్రవారం రాత్రి. ఆలోచించకుండానే మాట వచ్చేసింది.

"అత్తా, ఓడలో అందరూ తెల్లబట్టలు కట్టుకున్నారు. ఆరువేలమందీ. పైకి వచ్చి నిలబడుకోనుండారు."

రామక్క కళ్లు తెరిచింది. "తెల్లోళ్లు కూడానా?"

"అందరూనత్తా. బాజా కూడా పెట్టినారంట."

ముసలామె కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. రెండు చేతులూ ఎత్తి గాలికి దండం పెట్టింది. "చల్లంగుండనీ ఆ బిడ్డలు" అంది. కాసేపటికి తనే అడిగి, పక్కింటి తులసమ్మ తెచ్చిన రాగిజావ అర్ధ గ్లాసు తాగింది.

ఉమాశంకర్ పద్దెనిమిదో రోజున బెంగళూరు మీదుగా పెట్టెలో వచ్చాడు. సొంత చేలో, తండ్రి పక్కన పాతిపెట్టారు. ఊరంతా ఏడ్చింది. సుమతికి ఏడుపు రాలేదు. చావు మీద అబద్ధమాడిన దానికి ఏడ్చే హక్కెక్కడిదనుకుంది. రామక్క మాత్రం పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేది, "నా కొడుకు కోసరం ఓడంతా తెల్లబట్టలు కట్టింది" అని. చెప్పిన ప్రతిసారీ సుమతి లేచి పశువుల కొట్టంలోకి పోయేది.

ఐదు నెలలకు మహేష్ సెలవు మీద వచ్చాడు. ఉమాశంకర్ గడియారం, పెళ్లిఫొటో తెచ్చి రామక్క చేతిలో పెట్టాడు. ఆమె వాటిని చూడను కూడా లేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పప్పా. ఆ శుక్రవారం రేయి అందరూ తెల్లబట్టలు కట్టినారా?"

ఈ సంగతి సుమతి మహేష్‌తో ముందే అనుకున్నది కాదు. అతను ముసలామె ముఖం చూశాడు, తర్వాత సుమతి ముఖం చూశాడు.

"కట్టినారవ్వా. అందరూ."

"నువ్వూనా?"

"నేనూ కట్టినాను."

పోయేటప్పుడు సుమతి అతని వెంట దారిదాకా నడిచింది. "నన్ను క్షమించప్పా. ఆమె తింటాదని అట్ల చెప్పినాను. అది చిందులాటని తెలిసీ చెప్పినాను" అంది.

మహేష్ దారిలోనే ఆగిపోయాడు.

"వదినా, ఆ పొద్దు నాకు పైనే డ్యూటీ. తెల్లచొక్కా తొడుక్కోని, ట్రేలో గ్లాసులు పెట్టుకోని వాళ్ల మధ్యలో తిరగతాండాను. పాటలు మోగతాండాయి. అన్న నా కాళ్ల కిందనే ఉండాడని తెలుసు కదా, ఆపుకోలేకపోయినాను. గ్లాసులు ఆడనే పెట్టేసి ఓ మూల కూర్చోని గొంతెత్తి ఏడ్సినాను. ఆ మోతలో ఎవురికీ వినపడలేదులే."

సుమతి రోడ్డు పక్కన మట్టిలో కూలబడింది. ఐదు నెలల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. మహేష్ పక్కనే నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని లేచి, అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లోకి రాప్పా. నువ్వు ఏడ్సిన మాట మా అత్తకు కూడా చెప్పు" అంది.