వినేవాళ్ళకీ కాళ్ళుంటాయి

గంటన్న పుట్టినప్పుడు ఏడవడానికి చాలాసేపు మొరాయించాడట. ఒకసారి మొదలెట్టాక ఇక ఆ నోరు మూతపడలేదని వాళ్ళక్క అంటుంది. ఐదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేది అతనే. లిఫ్టు గంటా అతని నోరూ పోటీపడి మోగుతుంటాయని అందరూ కలిసి ఆ పేరు పెట్టారు.

ఇన్నాళ్ళూ ఎండలూ వానలూ కూరగాయల ధరలూ మాట్లాడాడు. ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఓ రోజు కింది హాల్లో ఎవరో ఉపన్యాసమిస్తుంటే తలుపు సందుకి చెవి పెట్టాడు. "మనందరికీ వాక్ స్వాతంత్ర్యం ఉంది! ఎవరి నోరూ ఎవరూ..." అన్నంతలో లిఫ్టు గంట మోగింది. సగం విన్నవాడికుండే ధీమా పూర్తిగా విన్నవాడికెక్కడిది? మిగతా సగం తనే పూరించుకున్నాడు. తనేమన్నా ఎవరూ కోప్పడకూడదు, ఎదురు చెప్పకూడదు, చివరిదాకా నిలబడి వినాలి.

మర్నాటి నుంచి నోటికి పగ్గాల్లేవు. "మీ కూనిరాగం మూడో అంతస్తు దాకా వినిపిస్తోందమ్మా, తలుపు మూస్తే చాలదు, గొంతూ మూసుకోండి" అన్నాడు టైపిస్టమ్మతో. "సార్, ఇవాళ మీ జుట్టు కొంచెం ఎడమకి జరిగింది" అన్నాడు విగ్గు మేనేజరుతో. అదే మేనేజరు పక్కనుండగా, అకౌంటెంటైన సొంత బావని, ఈ ఉద్యోగం ఇప్పించిన బావని పట్టుకుని, "ఫైలు అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నావటగా బావా! ఆ కిటుకేదో సార్‌కీ నేర్పు" అన్నాడు.

వారం తిరిగేసరికి లిఫ్టులో నరపురుగు లేదు. అందరూ మెట్లెక్కుతున్నారు. మేనేజరు పిలిచి తేల్చి చెప్పాడు. "శనివారం దాకా చూస్తా. ఎవరూ ఎక్కకపోతే మీట నొక్కితే నడిచే లిఫ్టు పెట్టిస్తా. నీతో పనుండదు."

గంటన్నకి వేరే పని చేతకాదు పాపం. బతుకంతా పైకీ కిందికీ తప్ప పక్కకి కదిలిందే లేదు. అయినా తప్పు తనదని తోస్తేనా! మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతున్న బావకి అడ్డంగా వెళ్ళి నిలదీశాడు.

"ఇదేం అన్యాయం బావా? మీరంతా మెట్లెక్కేస్తే నా వాక్ స్వాతంత్ర్యం ఏం కావాలి?"

బావ రొప్పుతూ మెట్టుమీద కూలబడ్డాడు. "నీకొక్కడికేనా వాక్? నాకూ ఉంది. నీది నోటి వాక్కు, నాది కాలి వాకింగు! నిన్ను మాట్లాడొద్దని ఎవడన్నాడ్రా? నిలబడి వినమని మాత్రం ఎక్కడుంది?"

"మరి నా ఉద్యోగం?"

"నా మోకాళ్ళు నీ ఉద్యోగం కంటే ముందు పోయేలా ఉన్నాయి. పద, ఎక్కుతా. కానీ ఇవాళ మాట్లాడేది నేను."

తలుపు మూసుకుంది. బావ మొదలెట్టాడు. నలుగురిలో పరువు తీసినందుకు చెడామడా దులిపేశాడు. మధ్యలో గంటన్న నోరు తెరవబోతే "వాక్ స్వాతంత్ర్యం!" అని వేలు చూపించాడు. ఐదో అంతస్తు వచ్చేసరికి గంటన్నకి నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఎదుటివాడి మనసు ఎంత నొచ్చిందో అప్పటిదాకా అతనికి తెలీదు.

ఈ కబురు భవనమంతా పాకింది. శనివారం పొద్దున్నే లిఫ్టు ముందు జనం బారులు తీరారు. ముందు టైపిస్టమ్మ, గొంతు సవరించుకుంటూ. వెనకే మేనేజరు, విగ్గు సర్దుకుంటూ. అలా ఉద్యోగం నిలబడింది. మెట్లమీంచి తప్పించుకుందామంటే మాత్రం లిఫ్టు నడిపేది తనేనాయె.

ఐదో అంతస్తులో తలుపు తీసి, "దిగండమ్మా" అన్నాడు గంటన్న, ఆశగా.

"ఇంకా అవలేదు, కిందికి పోనియ్" అంది టైపిస్టమ్మ.